నూట నలభై అడుగులు

ప్రియమైన మీకు,

ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు ఆ భూగోళం మేడం గారి గురించే ఉంది. మిగిలిన అర పేజీలో అమ్మ మోకాలు ఎలా ఉంది, నువ్వెలా ఉన్నావు అని అడిగారు. అత్తయ్య మోకాలు నయం. నేను మామూలే.

అత్తయ్యకు చదివి వినిపించాను. మొదటి రోజే క్లాసు మొత్తాన్ని మైదానంలోకి తీసుకెళ్ళి, వంద మీటర్ల తాడు పరిచి, ఒక్కొక్కరినీ నడిపించి, ఎన్ని అడుగులు పడ్డాయో రిజిస్టరులో ఎక్కించుకున్నారన్న చోట అత్తయ్య మిషను తొక్కడం ఆపింది. "అంత పెద్ద కాలేజీలో నడక నేర్పుతున్నారా? వాడికి పదో నెలలోనే వచ్చేసిందే," అంది. మీకు నూట పందొమ్మిది పడ్డాయని, క్లాసులో అందరికంటే తక్కువ మీవేనని విని మాత్రం మురిసిపోయింది. అడుగుకు ఎనభై నాలుగు సెంటీమీటర్లంటే మాటలా మరి.

భూగోళం పాత సారు దగ్గర మీకు రెండుసార్లు పోయింది. ఈ కొత్త మేడం గారి దగ్గర కూడా ఈ ఒక్క పాఠం పోతే పేరు కొట్టేస్తారని, బడివాళ్ళు మీకోసం ఆపి ఉంచిన ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారని రాశారు. ఆ నాలుగు లైన్లు అత్తయ్యకు చదవలేదు. దగ్గు వచ్చినట్టు చేసి దాటేశాను.

నవ్వనంటే ఒక మాట. నేను ఐదో తరగతితో ఆగినదాన్ని, నాకు పెద్ద విషయాలు తెలియవు. కానీ ఆమె చేసింది నాకు తప్పుగా అనిపించలేదు. గుడ్డ కొలిచేముందు టేపు సాగిపోయిందో లేదో చూసుకుంటాం కదా. ఆమెకు మీ కాళ్ళే టేపులు కాబోలు.

వేళకు తినండి.

ఇక్కడి నుంచి చెయ్యి ఊపుతూ,
మీ గుసగుస


ప్రియమైన గుసగుసకి,

నీకు ఈ పేరు ఊరికే పెట్టలేదు. ఉత్తరంలో కూడా గుసగుసగానే మాట్లాడతావు. అక్షరాలు చీమ తలకాయల్లా ఉన్నాయి.

టేపు మాట బాగానే ఉంది. కానీ నెలంతా టేపు చూసుకుంటూ కూర్చుంటే చొక్కా ఎప్పుడు కుట్టేది? నోట్సు చెప్పదు. గోడకు పటం తగిలించదు. కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడుతుంది. నది ఎందుకు మలుపు తిరుగుతుంది మేడం అని అడిగితే, మీ ఇంటిముందు వాన నీళ్ళు ఎటు పోతాయి అని ఎదురు అడుగుతుంది. నా పక్కన కూర్చునే నిద్రమొహం గాడు, "ఈమె పాఠానికి పుస్తకాలు కాదురా, చెప్పులు కొనుక్కోవాలి" అన్నాడు. ముందు బెంచీ పిల్ల ఎవరినీ ఒక్క మాట అనదు. అలాంటిది నిన్న మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఇరవై పేజీలు రాసి ఇస్తే, "ఇందులో నువ్వు చూసింది ఎంత, పుస్తకం చూసింది ఎంత?" అని అడిగి కాగితాలు వెనక్కి ఇచ్చిందట.

ఇప్పుడు కొత్త పీడ. ఎవరు పెరిగిన వీధిని వాళ్ళు సొంత అడుగులతో కొలిచి పటం గీయాలి. ఆ వీధి గురించి బయటివాళ్ళకు తెలియని సంగతి ఒక్కటైనా రాయాలి. సగం మార్కులు దీనికే. నేను రావాలంటే బస్సులో నాలుగు గంటలు, పోవాలంటే నాలుగు గంటలు. మిగతా పరీక్షలు నెత్తిమీద కూర్చున్నాయి. అయినా మన వీధిలో గీయడానికి ఏముంది? అటు గోడ, ఇటు గోడ.

విసుగుతో,
నీ పొడుగు


ప్రియమైన మీకు,

అటు గోడ, ఇటు గోడ అన్న మాట రెండు రోజులు నా చెవిలోనే ఉంది. కోపం అని రాయను, కానీ అలాంటిదే.

నిన్న పొద్దున్నే, కొట్లు ఇంకా తెరవకముందు, అత్తయ్యను లేపి టేపు ఒక చివర పట్టుకోమన్నాను. గోడ వెంట ఇరవై టేపులు కొలిచి సుద్దముక్కతో గీత పెట్టాం. ముప్పై మీటర్లు. నడిచి చూశాను, యాభై అడుగులు. నా అడుగు అరవై సెంటీమీటర్లు. "కోడిపిల్ల నడక," అంది అత్తయ్య.

తర్వాత వీధి మొత్తం నడిచాను. మన గుమ్మం నుంచి బేకరీ మలుపుకు నూట నలభై అడుగులు. రోజూ వెళ్ళే దారే, ఎప్పుడూ లెక్కపెట్టలేదు. చెప్పులు కుట్టే ఆయన కొట్టు సరిగ్గా సగంలో ఉంది. మూడో ఇంటి మెట్లు నాలుగనుకున్నాను, ఐదు.

ఇంకొకటి. మిషను పక్కనుంచి నల్లదారం రీలు తీసుకెళ్ళి వీధిలో ఏడు చోట్ల నేలమీద పెట్టాను. చెప్పుల కొట్టు ముందు పెడితే మన వైపే దొర్లింది. ఎక్కడ పెట్టినా మన వైపే. మన గుమ్మం ముందు పెడితే ఎటూ కదల్లేదు. చూడడానికి వీధంతా చదునే. కానీ నీళ్ళు పోయే జాలీ బేకరీ దగ్గర పెట్టారు. అంటే ఎత్తులో పెట్టారు. ప్రతి వానకీ మన గుమ్మం ఎందుకు మునుగుతుందో నాకు ఇన్నేళ్ళకు తెలిసింది.

అన్నీ ఒక కాగితం మీద గీసి దీనితో పంపుతున్నాను. రీలు దొర్లిన చోట్ల బాణం గుర్తులు పెట్టాను. ఆమె అడిగేది ఇలాంటిదేనా? తప్పులుంటే చెప్పండి. మీరు వచ్చినప్పుడు ఇద్దరం మళ్ళీ నడుద్దాం.

జవాబుకు ఎదురుచూస్తూ,
మీ గుసగుస


ప్రియమైన గుసగుసకి,

ఉత్తరం అందింది. ఊపిరాడడం లేదు, కాబట్టి నాలుగే ముక్కలు. అమ్మకు మోకాలి మందు మానొద్దని చెప్పు. పటం పని ఎలాగో చేసి ఇచ్చేశాను, ఇంక దాని ఊసు ఎత్తకు. తలనొప్పి.

తొందరలో,
నీ పొడుగు


ప్రియమైన మీకు,

మూడు వారాలు చూశాను. మీ నుంచి ఇంకో ఉత్తరం వస్తుందని, అందులో నా కాగితం గురించి ఒక్క లైనైనా ఉంటుందని.

బాగాలేదని రాసినా సరిపోయేది. కాలరు కుట్టి ఇస్తే తొడుక్కుని చూడకుండా మూల పడేసినట్టు ఉంది. రోజూ బేకరీ మలుపుకు నీళ్ళకు వెళ్తూ లెక్కపెట్టుకుంటున్నాను, ఒక్కోసారి నూట ముప్పై తొమ్మిది, ఒక్కోసారి నూట నలభై ఒకటి. అసలు తప్పు కొలిచానేమో, మీరు నవ్వుకుని ఊరుకున్నారేమో అని అనుమానం.

అత్తయ్య, "వాడు చిన్నప్పటి నుంచీ అంతే, బాగున్నది తినేస్తాడు, బాగుందని చెప్పడు," అంది. ఏ ఉద్దేశంతో అందో గాని, ఆ పూటకు కాస్త నెమ్మదించాను.

ఇక్కడ మళ్ళీ వాన. గుమ్మం దగ్గర గోనెసంచులు వేశాం.

మీ గుసగుస


ప్రియమైన గుసగుసకి,

నీ కాగితం భద్రంగానే ఉంది. చిన్నపిల్లలా అలగకు.

ఇక్కడ అగ్గి రాజుకుంది. పటాలు ఇచ్చి నెలన్నర దాటింది, ఇంతవరకు ఒక్కరికీ మార్కులు రాలేదు. ఆదివారం వెళ్ళి అడుగుదామంటే గదికి తాళం. ప్రతి ఆదివారం తాళమే. కాగితాలు ఏం చేస్తోందో తెలియదు. ఈలోగా ఆఫీసువాళ్ళు అభిప్రాయాల కాగితాలు పంచారు. పేర్లు రాయక్కర్లేదు కదా, అందరూ కడుపులో ఉన్నదంతా కక్కేశారు. 'పాఠం చెప్పమంటే ప్రశ్నలు అడుగుతుంది.' 'మూడు నెలల్లో నేర్చుకున్నది: నా అడుగు డెబ్బై రెండు సెంటీమీటర్లు.' 'కిటికీకి మార్కులు వేయొచ్చు, మేడంకి వేయలేం.' నిద్రమొహం గాడు, 'ఈ క్లాసులో నిద్రపోనివ్వరు' అని రాశాడు. వాడికి అంతకన్నా పెద్ద ఫిర్యాదు లేదు. ఒక్కరు మాత్రం 'బాగుంది' అని రాశారట. ఎవరా ద్రోహి అని వెతుకుతున్నాం.

ఆమెను మార్చాలని పైవాళ్ళకు అర్జీ పెడుతున్నాం. రాసింది నేనే. ఒక వాక్యం అందరికీ తెగ నచ్చింది: 'ఈ మేడం ఇచ్చే పనులు ఇంత చదివిన మాకే సాధ్యం కానప్పుడు ఇంకెవరికి సాధ్యం?' ముప్పై ఎనిమిది మందిలో ముప్పై ఒక్క మంది సంతకం పెట్టారు. ఈ సోమవారం కాక పై సోమవారం ఇచ్చేస్తాం. ఆమె పోయి ఇంకొకరు వస్తే నేను గట్టెక్కినట్టే.

నీ పొడుగు


మీకు,

ఈ ఉత్తరం శనివారంలోగా అందాలని బేకరీ ఆయన తమ్ముడి చేత పంపుతున్నాను, అతను మీ ఊరి మీదుగా వెళ్తున్నాడు.

మొన్న ఆదివారం పొద్దున కాజాలు కుడుతుంటే చెప్పుల ఆయన కేకేశాడు. "అమ్మాయ్, ఎవరో పెద్దావిడ రోడ్డు మీద ఆడుకుంటోంది, చూడు." కిటికీలోంచి చూశాను. నెరిసిన జుట్టు, పొట్టి మనిషి, మడమలు అరిగిన బూట్లు. ఆయన కొట్టు ముందు వంగి నేలమీద దారం రీలు పెట్టింది. అది మన వైపు దొర్లింది. ఆమె చేతిలో కాగితం చూసుకుంటూ రీలు వెనకే నడిచి వచ్చింది.

రీలు సంగతి నేను మీకు తప్ప ఎవరికీ రాయలేదు.

తలుపు తీయకుండా ఉండిపోదామనుకున్నాను. అత్తయ్య తీసేసింది. ఆ కాగితం మీ చేతిరాతలో ఉంది. నా నూట నలభై ఉంది. నా బాణాలున్నాయి. మూడో ఇంటి మెట్లు నాలుగని రాసి, కొట్టేసి, ఐదని రాశాను కదా, మీరు ఆ కొట్టివేతను కూడా దించారు.

మేడం గారు అరవలేదు. రిజిస్టరు తీసి, "మీ ఆయన అడుగులతో అయితే బేకరీకి వంద పడాలి. ఇక్కడ నూట నలభై ఉంది. ఇవి ఎవరి అడుగులమ్మా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఒకసారి గోడ వెంట నడవమన్నారు.

మీకోసం ఏం చేశానో చెబుతాను, సిగ్గుగా ఉన్నా. నా అడుగులు కావని నమ్మించడానికి కాళ్ళు బారజాపి నడిచాను. అలా జన్మలో నడవలేదు. నాలుగో అడుగుకు తూలాను. గుమ్మంలోంచి అత్తయ్య, "ఏమిటే ఆ అంగలు, కాలువ దాటుతున్నావా? మొన్న టేపుతో కొలిచినప్పటి కోడిపిల్ల నడక ఏమైంది?" అంది. పాపం ఆవిడకేం తెలుసు.

మేడం గారు రిజిస్టరు మూసేశారు. నేను ఏడ్చాను. ఇది మూడోసారని, ఉద్యోగం పోతుందని అన్నీ చెప్పేశాను. అత్తయ్యకు కూడా అప్పుడే తెలిసింది. ఆవిడ ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంది.

మంచినీళ్ళు తాగి ఆమె చెప్పింది ఇది. "ముప్పై ఎనిమిది వీధులమ్మా, మీది ఇరవై తొమ్మిదోది. నడవకుండా మార్కులు వేయలేను. ఆదివారం తప్ప నాకు ఖాళీ ఉండదు." మీ తాళం సంగతి తెలిసిందా? నేను అడిగాను, నిజంగా అడిగాను, "ఈ మాట వాళ్ళకు చెప్పారా అండీ?" అని. "చెబితే నాకోసం గీస్తారు. నాకు వాళ్ళ వీధి కావాలి," అన్నారు. అత్తయ్య ఊరుకోలేదు. "ఇంత నడిచి ఒక్క ముక్క చెప్పకపోతే పిల్లలకు కలొస్తుందా తల్లీ?" అంది. మేడం గారు తన అరిగిన బూట్లకేసి చూసుకున్నారు.

మీ అర్జీ సంగతి ఆమెకు తెలుసు. ఆ వాక్యం కూడా తెలుసు. సంచిలోంచి ఖాళీ అభిప్రాయాల కాగితం తీసి, "నేనిచ్చిన పని చేసినవాళ్ళలో నువ్వూ ఒకదానివి, రాయి," అన్నారు. నేను రాసింది ఇది: 'నేను ఐదో తరగతి. క్లాసుకు రాలేదు. మా ఆయన ఫిర్యాదులు చదివి పాఠం నేర్చుకున్నాను. మేడం గారు తాను పడే కష్టం పిల్లలకు చెప్పరు, అది తప్పు. మిగతాదంతా అర్థమైంది.' ఆమె చదివి, మడిచి, మిగతా కాగితాలతో కలిపి పెట్టుకున్నారు.

ఇక మీ సంగతి. ఆ పటానికి సున్నా. అది మారదు. కానీ ఇంకా తొమ్మిది వీధులున్నాయి కాబట్టి ఆమెకు మూడు వారాలు పడుతుంది. ఆలోగా మీ అడుగులతో కొలిచి, మీరు చూసింది రాసి ఇస్తే చూస్తానన్నారు. పాసు చేస్తానని అనలేదు.

కాగితం తీసుకున్నందుకు నాకు కోపం లేదు. అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో. కానీ నేను పొద్దున్నే లేచి చేసిన పనిని మీ పేరుతో ఇచ్చి, అదే చేత్తో ఇది ఎవరికీ సాధ్యం కాదని రాశారు. ముప్పై ఒక్క మంది చేత సంతకాలు పెట్టించారు. మీకు నచ్చకపోతే అర్జీ ఇవ్వండి, అది మీ ఇష్టం. ఆ వాక్యం మాత్రం కొట్టేసి ఇవ్వండి.

ఆదివారం మొదటి బస్సుకు రండి. మీరు నడుస్తూ లెక్క పైకి చెప్పండి, నేను గుమ్మంలో కూర్చుని రాస్తాను. రీలు సంగతి మళ్ళీ రాయకూడదు, అది నాది. మీరు ఇరవై ఆరేళ్ళుగా తిరిగిన వీధే కదా, ఒకటి వెతుక్కోండి.

మీ భార్య

ఆమె తన రీలు ఇక్కడే మరిచిపోయారు. ఎర్రదారం. వచ్చేటప్పుడు దాన్ని తీసి లోపల పెట్టండి. గుమ్మం ముందే ఉంది, ఎటూ కదల్లేదు.