పాలకప్పుల్లో దీపాలు

సుంగై సిపుట్ తోట,
కార్తీక సోమవారం, 1931

ముసురు పట్టి పదకొండు రోజులు. రబ్బరు చెట్లు గీసే పని ఆగిపోయింది. నిరుటి వానల్లో లాగే మా ఆవిడ మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది. పలకరిస్తే పలకదు.

సాయంత్రం దీపాలు నేనే పెడదామనుకున్నాను. ప్రమిదలు లేవు. ఆమె రబ్బరు పాలు పట్టే మట్టికప్పుల్లోనే నూనె పోసి వత్తులు వెలిగించాను. బడిపంతుల్ని, నాకేం తెలుసు? కప్పులకు అంటుకున్న ఎండుపాలు కాలి గదంతా నల్లటి పొగ, ఒకటే కంపు.

ఆవిడ దిగ్గున లేచింది.

"ఓలమ్మో! ఎండిన పాలు పీకకుండా ఎలిగించేసినారేటండీ! పిల్లలకేటి సెప్తన్నారో!"

నవ్వింది! కడుపు పట్టుకుని నవ్వింది! కప్పులు తనే గీకి, వాకిట్లో చూరు కింద వరసగా వెలిగించింది.

రేపు మళ్లీ అలాగే పడుకుంటుందేమో...

గీకని కప్పులు ఇరవై దాచాను. కురవనీ వాన!