ఫోను దూరంగా పెట్టి చదువు

మాన్వి,
ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి శ్రావ్యకు,

మీ అక్క మేఘా దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే సతాయిస్తున్నాయి. నువ్వూ క్షేమమని తలుస్తానని రాయడానికి చెయ్యి రావడం లేదు. పల్లీల శేంగా పొడి డబ్బాలో కాగితమేమిటని నవ్వకుండా, ముందు ఫోను వేరే గదిలో పెట్టి రా.

నిన్న మెసేజ్‌లో రెండు అడిగావు. "ఏందక్కా, ఫోన్ల ఉత్త ఊ, ఆఁ అంటున్నవ్?" అని ఒకటి. "నీతోని చెప్పుకున్నవన్నీ ఆయనకెట్ల తెలుస్తున్నయ్? పక్కింటి చెన్నవ్వ గోడకాడ నిలబడి ఇంటున్నదా?" అని రెండోది. రెండింటికీ జవాబు ఒకటే.

నాగుల పంచమికి మీరిద్దరూ వచ్చినప్పుడు, చార్జింగు జాక్ మార్చమని నీ ఫోనును నా రిపేరు షాపుకు తెచ్చింది నీ మొగుడే కదా. "స్విచాఫ్ చేయకు వదినే, గట్లనే మార్చు" అంటూ బల్ల పక్కనే నిలబడ్డాడు. ఆఫ్ చేయకుండా జాక్ మార్చేదెట్లా? మళ్లీ ఆన్ చేయగానే తెర మీద తాళం తీసి ఉన్న బొమ్మ, కింద ఫోనుకు కంపెనీ తాళం లేదని హెచ్చరిక. "గిదేంది అంబరీశ్?" అంటే, "సింధనూర్ల కొన్నప్పటి సంది గంతే వదినే" అని గుట్కా ఉమ్మడానికి బయటికి పోయాడు.

పవరూ వాల్యూమూ బటన్లు కలిపి నొక్కాను. ఫోనును బాగుచేసేందుకు కంపెనీ లోపల పెట్టే రికవరీ ప్రోగ్రాం తీసేసి వేరేది ఎక్కించారు. దాంతో ఫోనును రూట్ చేశారు. అంటే ఫోను నీ చేతిలో ఉన్నా పెత్తనం నీది కాదు. లోపల సిస్టం యాప్ పేరుతో ఒకటి దాక్కుని నీ కాల్స్‌నూ మెసేజ్‌లనూ, ఫోను పక్కన నువ్వు మాట్లాడే మాటలనూ వాడికి పంపుతోంది. మామూలుగా రీసెట్ చేసినా అది పోదు. ఇకనుంచి వాడు అనే రాస్తాను, ఏమనుకోకు.

థూ! నేనూ ఫోన్లు రూట్ చేస్తాను. కంపెనీలు వదిలేసిన పాత ఫోన్లకు కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించి బతికిస్తాను. ఆ విద్యను కట్టుకున్నదాని మాటలు దొంగతనంగా వినడానికి వాడతారా? నువ్వు అమ్మతో చెప్పుకున్న కడుపునొప్పి, నాతో ఏడ్చిన ఏడుపు, అన్నీ చెవిలో పెట్టుకుని విన్నాడు. ఆ మధ్యాహ్నమే మనింట్లో కూర్చుని, "అత్తా, ఇంకో హోళిగె ఎయ్యి" అని వేళ్లు నాకుతూ బొబ్బట్లు తిన్నాడు. అప్పుడే నోరు విప్పితే నిన్నేం చేస్తాడోనని అన్నీ దిగమింగుకుని నేనే వడ్డించాను. ఆ కంచం తోమడానికి మాత్రం చేతులు రాలేదు. తీసుకెళ్లి చెత్తలో పడేశాను.

ఇక చెప్పడానికి సిగ్గుగా ఉన్నది చెబుతాను. చెన్నవ్వ మీద నువ్వు మొదటిసారి అనుమానపడ్డప్పుడు "ఆమే, ఇంకెవరు" అన్నది నేనే. అంతటితో ఊరుకోలేదు. పంచమికి ముందు ఇక్కడ బస్టాండులో ఆమె కనబడితే, నలుగురిలో "సంసారాలు కూల్చేదానా" అని అరిచాను. ఆమె సంచి పట్టుకుని అలాగే నిలబడింది. తప్పు చేసింది కాబట్టే నోరు లేవలేదనుకున్నాను. ఛీ, నా మీద నాకే అసహ్యం.

ఆమె తన కూతుర్ని చూడడానికి మళ్లీ మాన్వి వచ్చిందని తెలిసి, ఈ పొద్దున పోయి కాళ్లు పట్టుకున్నాను. "నీ నోట్ల మన్ను పడ" అని తిట్టింది. తిట్టి తిట్టి ఏడ్చింది. ఆఖరుకు కొంగుతో ముఖం తుడుచుకుని, "కాయిదం రాసియ్యి. ఇయ్యాల్నే మా ఊరు గోరేబాళకు నేనే తీస్కపోత. ఆ పిల్లకు ఎట్ల తెల్వాలె మరి?" అంది.

రేపు పొద్దున ఫోను చేసి, అమ్మ మోకాళ్లు బాగా వాచాయని, లేవలేకపోతోందని ఏడుస్తాను. అమ్మకేం కాలేదు, కంగారుపడకు. ఆ ఏడుపు నీ కోసం కాదు, వాడు వినడానికి. వాడే నిన్ను బస్సెక్కిస్తాడు. ఫోను కూడా తెచ్చుకో. సాక్ష్యానికి ఫొటోలు తీసి, మొత్తం తుడిచి, కంపెనీ సాఫ్ట్‌వేరే మళ్లీ ఎక్కించి తాళం వేస్తాను. ఆ తర్వాత వాడితో ఉంటావో లేదో నీ ఇష్టం. ఆ మాటైనా వాడు వినకుండా మాట్లాడుకుందాం.

ఈ కాగితం పొయ్యిలో వెయ్యి. డబ్బా అందించిన చెన్నవ్వ ఇంకా మీ గడప బయటే నిలబడి ఉంటుంది. లోపలికి పిలువు.

ఇట్లు,
వాడికి వడ్డించిన నీ అక్క,
మేఘా