సముద్రం దగ్గర తిన్న చక్కెర

నీలం నగర్, సోలాపూర్

అమ్మా,

నీ మౌనిక దండాలు. నువ్వు, బాపు, నాయనమ్మ, చింటు అందరూ బాగున్నారనుకుంటున్నాను. నాయనమ్మ మోకాలు ఇప్పుడెలా ఉంది? నేను ఆరోగ్యంగానే ఉన్నాను. కడుపునిండా తింటున్నాను. ఇంగ్లిష్ మీడియం దాన్ని కదా, తెలుగులో తప్పులుంటే నవ్వకు. ఈ ఉత్తరం పక్కింటి లక్ష్మి చిన్నమ్మ పేరు మీద పంపుతున్నాను. నువ్వొక్కదానివే చదువు. బాపుకు చూపించకు.

ఫోన్‌లో చెప్పలేను. బాపు సొంత చెల్లెలే అయినా, నేను మాట్లాడుతుంటే అత్తమ్మ స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటుంది. అందుకే ఎప్పుడూ బాగున్నా, బాగున్నా అంటాను.

అమ్మా, ఇక్కడ నాకు పెళ్లి కుదిర్చారు. నాకెవరూ చెప్పలేదు. నాకు తెలిసిపోయిందని వాళ్లకూ తెలియదు. మొదటి నుంచి చెప్తాను.

దీపావళికి ఇంట్లో బట్ట నేసే సాంచెలు బంద్ పెట్టారు. ఆ చప్పుడు ఆగితే ఇల్లంతా చెవులు మూసుకుపోయినట్టు ఉంటుంది. చదువుకోవడానికి వచ్చినప్పటి నుంచి కాలేజీ, ఇల్లు తప్ప నేనేమీ చూడలేదు కదా. మామయ్య కారు మాట్లాడి, "చల్ పోరీ, బిజాపూర్, కొల్హాపూర్, సముద్రం అన్నీ చూపిస్త" అన్నాడు. ఎగిరి గంతేశాను. నా బ్యాగ్ అత్తమ్మే సర్దింది. జీన్స్ తీసేసి పట్టుచీర పెట్టింది.

"సముద్రం కాడ చీరెందుకత్తా?" అన్నాను.

"ఫోటోల మంచిగొస్తవే" అంది.

బిజాపూర్‌లో పొద్దున్నే గోల్ గుంబజ్ ఎక్కాం. పైన గుమ్మటం లోపల చుట్టూ వరండాలా ఉంటుంది. ఇవతల గోడకు చెవి పెడితే అవతలివైపు గుసగుసలాడినా వినిపిస్తుంది. జనం ఇంకా రాలేదు. సరదాగా చెవి పెట్టాను. అవతల అత్తమ్మ, మామయ్య నిలబడి ఉన్నారు.

"మీ అన్నకు చెప్పినవా?" అంటున్నాడు మామయ్య.

"చెప్పిన. ఊఁ అన్నడు."

"మరి మీ వదినెకు?"

"అది మా అన్న చూస్కుంటడు. పోరికి మాత్రం ఇప్పుడే చెప్పకు. సముద్రం చూడనియ్యి, ఖుష్ అయితది."

నాకేదో కొనిపెడతారనుకున్నాను అమ్మా. నవ్వు ఆపుకుంటూ మెట్లు దిగాను.

దారంతా జొన్న చేలు, చెరకు బండ్లు. కొల్హాపూర్‌లో గుడి బయట ఒక ముసలాయన మా కోసమే నిలబడి ఉన్నాడు. మామయ్యకు దూరపు చుట్టమట. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎన్నో క్లాస్ బిడ్డా?" అన్నాడు. "ఇలెవెన్త్" అన్నాను. "బస్, చాలు" అన్నాడు. మామయ్య నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అక్కడి నుంచి కొండ దిగుతుంటే దట్టంగా పొగమంచు. ముందు బండి కూడా కనబడలేదు. రత్నగిరిలో సముద్రం నేననుకున్నట్టు నీలంగా లేదు. ఇసుక నల్లగా ఉంది. అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. నిలబడ్డచోటే కూరుకుపోతాం. నేను వెంటనే ఒడ్డుకు వచ్చేశాను.

ఆ సాయంత్రం ఒకరింటికి తీసుకెళ్లారు. మనోళ్లే, సోలాపూర్ చద్దర్లు అమ్మే దుకాణం ఉంది. కొల్హాపూర్ ముసలాయన మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. అత్తమ్మ నాకు చీర కట్టింది. పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, ఒళ్లో కొబ్బరికాయ, ఇంకో చీర పెట్టారు. కొత్తగా ఇంటికొచ్చిన ఆడపిల్లకు నువ్వు బొట్టు పెట్టి జాకెట్ ముక్క ఇస్తావు కదా, అలాంటిదే అనుకున్నాను. తర్వాత మెరుపు కాగితం చుట్టిన పొడవాటి పొట్లం చేతికిచ్చారు. లోపల చక్కెర. వాళ్లబ్బాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో.

"ఒకల నోరు ఒకలు తీపి చేస్కోండ్రి" అంది వాళ్లమ్మ.

నేను నవ్వుకుంటూ అతని నోట్లో చక్కెర పెట్టాను అమ్మా. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీశారు. నేనే వంగి అందరి కాళ్లకూ మొక్కాను.

బయటికొచ్చాక అతను, "సముద్రం నచ్చిందా?" అన్నాడు.

"భయమేసింది" అన్నాను.

"అలవాటైతది. ఇగ రోజు చూసుడే గద."

జోక్ అనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు కారులో మిగిలిన చక్కెరంతా నేనే తిన్నాను.

కాలేజీ తెరిచాక, నా పక్కన కూర్చునే శ్రావణికి ట్రిప్ గురించి చెప్తూ ఆ పొట్లం సంగతి కూడా చెప్పాను. అది నోరు తెరిచి చూసింది. "అగో! సాఖర్‌పుడా అయిందా నీకు? ఒక్క మాటన్న చెప్పలే దొంగదానా!" సాఖర్‌పుడా అంటే నిశ్చితార్థమట, ఇక్కడ మనోళ్లు కూడా మరాఠీవాళ్ల పద్ధతే పాటిస్తారట. అబ్బాయివాళ్లు ఇచ్చిన ఆ చక్కెర పొట్లం పిల్ల తీసుకుంటే మాట ఖాయమైనట్టేనట. "ఉత్తగనే అన్న తియ్" అని నవ్వేశాను. గోల్ గుంబజ్‌లో నేను విన్నది, బాపు ఊఁ అన్నది దీనికేనని అప్పుడర్థమైంది.

అప్పటినుంచి చూస్తున్నాను. అత్తమ్మ నాతో గిన్నెలు కడిగించట్లేదు, "చేతులు కరాబైతయ్" అంటుంది. తలకు నూనె పెడుతుంది, అడగకుండానే గారెలు చేస్తుంది. మొన్న ఒకామె గాజుల కొలత తీసుకుపోయింది. నా పరీక్షలు ఎప్పుడైపోతాయో మామయ్య ఫోన్‌లో ఎవరికో చెప్తున్నాడు. నాకు పదహారేళ్లే అమ్మా. నేను వద్దని చెప్తే ఎవరు నమ్ముతారు? ఫోటోలన్నిటిలో నవ్వుతున్నాను.

ఇప్పుడు సాంచెల వెనక, నూలు బస్తాల పక్కన కూర్చుని రాస్తున్నాను. జవాబు రాయకు. ఇక్కడ పోస్ట్ అత్తమ్మే తీసుకుంటుంది. నాయనమ్మకు బాగాలేదనో, ఇంకేదో చెప్పి నువ్వే రా. బాపును పంపకు.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు, నువ్వు వచ్చేటట్టుంటే, "మామిడికాయ తొక్కు అయిపోయిందా బిడ్డా?" అని అడుగు. అత్తమ్మ విన్నా ఏం కాదు. నువ్వు తొక్కు మాట ఎత్తకపోతే, ఈ సంగతి నీకు కూడా ముందే తెలుసనుకుంటాను. మళ్లీ అడగను.

నాయనమ్మ కాళ్లకు నా మొక్కులు చెప్పు. చింటును కొట్టకు. నన్ను మంచిగా దీవించు. ఆదివారం పొద్దున్నుంచీ ఫోన్ పక్కనే ఉంటాను.

నీ బిడ్డ,
మౌనిక