పిడుగురాళ్లలో మంచు

సెప్టెంబరు 1, సోమవారం

శ్రీదివ్య అంటే నాకు ఒళ్లుమంట. ఈ కొత్త నోట్‌బుక్‌లో మొదటి వాక్యం ఇదే కావాలనుకున్నాను. రాశాను.

మా టీమ్ లీడ్. హనీమూన్‌కి మనాలి వెళ్లొచ్చింది. ఆ నాలుగు రోజుల పుణ్యాన మా ఆఫీసులో మంచు గురించి ఆఖరి మాట ఆవిడదే. శాటిలైట్ తీసిన హిమాలయాల ఫొటోల్లో మంచు ఎక్కడుందో గీత గీయడం మా పని. మేం గీసింది చూసి కంప్యూటర్ నేర్చుకుంటుందట, ఏ ఏడాది ఎంత మంచు తగ్గిందో తేలుస్తుందట. మా గీతలకి గ్రౌండ్ ట్రూత్ అని పేరు. గుంటూరులో మిర్చి గోడౌన్ పైన, మూడో అంతస్తులో, తుమ్ముకుంటూ తయారుచేస్తాం ఆ ట్రూత్‌ని.

సెప్టెంబరు 2

417 నంబరు ఫొటో. లోయలో ఒక తెల్లటి మరక. నేను మంచు కాదని పెట్టాను. శ్రీదివ్య మంచని మార్చి నా స్కోరు కోసింది. 91.4. తొంభై కంటే తగ్గితే ఇంటికే.

ఎందుకు కాదో చెప్పాను. చుట్టూ కొండల మీదే మంచు కరిగిపోయింది, కింద లోయలో ఎలా మిగులుతుంది? దాని దాకా ఒక రోడ్డుంది, రోడ్డు కూడా తెల్లగా ఉంది. అది రాయి కొట్టే చోటు, సున్నపు దుమ్ము, మాది పిడుగురాళ్ల, నాకు తెలుసు అన్నాను. మంచు నేను చేత్తో పట్టుకున్నానమ్మా, నువ్వు ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడన్నా చూశావా అని అందరి ముందూ అంది. ఇమ్మానియేలు నవ్వాడు. పక్క సీటువాడు, రోజూ నా టిఫిన్ సగం తినేవాడు. వాడు కూడా.

సెప్టెంబరు 3

రెండో లేయర్ వేస్తే నిమిషంలో తేలిపోతుంది. కంటికి కనపడని వెలుగులో తీసిన ఫొటో అది. అందులో మంచు నల్లబడుతుంది, సున్నం తెల్లగానే ఉంటుంది. లోడ్ కావడానికి నలభై సెకన్లు పడుతోందని, రోజుకి నూట ఇరవై ఫొటోల టార్గెట్ తప్పుతోందని శ్రీదివ్యే దాన్ని ఆపించింది. మళ్లీ పెట్టించమని అడిగాను. క్లయింట్‌కి లేని బాధ నీకెందుకు అంది.

సెప్టెంబరు 7, ఆదివారం, పిడుగురాళ్ల

ఇంటికొచ్చాను. నాన్న సున్నం బట్టీలో ఇరవై రెండేళ్లు చేశాడు. ఇప్పుడు గదిలోంచి వాకిట్లోకి రావడానికి రెండుసార్లు ఆగుతాడు. మా వీధిలో వేపాకు కూడా పచ్చగా ఉండదు. నా చిన్నప్పుడు నాన్న పని దిగి వస్తే కనురెప్పలు తెల్లగా ఉండేవి. నీళ్లు తగిలితే మండుతుందని అమ్మ కొబ్బరినూనెతో తుడిచేది. అలాంటి నాకు తెలుపు నేర్పడానికి వచ్చింది, మనాలి మహారాణి.

దొంగచాటుగా ఫోన్‌లో తీసుకున్న 417 నాన్నకి చూపించాను. చాలాసేపు చూశాడు. మరక ఇటు సాగింది చూడు, గాలి ఇటే కొడుతోందమ్మా, ఈ పక్కన ఇళ్లుంటే పాపం అన్నాడు. జూమ్ చేశాను. ఇళ్లున్నాయి. పదో పన్నెండో. వాటి మీదా శ్రీదివ్య మంచు గీసింది.

సెప్టెంబరు 8, ఉదయం 6:40, బస్సులో

ఒక ఆలోచన వచ్చింది. మంచిది కాదు. అందుకే బాగుంది.

సెప్టెంబరు 9

మా వీధి శాటిలైట్ ఫొటో ఫ్రీగానే దొరికింది. బట్టీలు, మసీదు, మా ఇల్లు, అన్నీ ఉన్నాయి. అదే సైజుకి కత్తిరించి, 418-బి అని పేరు పెట్టి, మంచు లేదని నా లేబుల్ తగిలించి శ్రీదివ్య చెకింగ్ ఫోల్డర్‌లో పడేశాను.

సాయంత్రం 4:15. మంచని మార్చింది. అరవై ఒక్క శాతం మంచట. నా స్కోరు 90.2. బాత్రూమ్‌లోకి వెళ్లి నోరు మూసుకుని నవ్వాను. శుక్రవారం మీటింగ్‌కి హైదరాబాద్ నుంచి మేనేజరు వస్తాడు. అప్పుడు స్క్రీన్ మీద పెడతాను. మేడమ్, ఈ మంచు ఏ ఊళ్లో పడిందో చెప్తారా అని అడుగుతాను.

సెప్టెంబరు 10

ఆపుకోలేక ఇమ్మానియేలుకి చెప్పాను. వాడు నవ్వలేదు. ఇప్పుడే తీసెయ్ సఫూరా, బ్యాచ్ క్లయింట్‌కి వెళ్లిపోతే మళ్లీ తెరవరు అన్నాడు. శుక్రవారం దాకా ఉండనీ అన్నాను. పిరికి వెధవ.

సెప్టెంబరు 11

మధ్యాహ్నమే బ్యాచ్ వెళ్లిపోయింది. సోమవారం వెళ్లాల్సింది. క్లయింట్ మెచ్చుకున్నాడని శ్రీదివ్య అందరికీ సమోసాలు తెప్పించింది. నేనూ తిన్నాను.

సెప్టెంబరు 12, శుక్రవారం

స్క్రీన్ మీద పెట్టాను. అడగాలనుకున్నది అడిగాను. శ్రీదివ్య మొహం పాలిపోయింది. ఆ మూడు సెకన్లు నావి.

తర్వాత మేనేజరు ఈ ఫొటో బ్యాచ్‌లోకి ఎలా వచ్చిందన్నాడు. లాగ్ తెరిచారు. నా ఐడీ. ఆవిడది పొరపాటు, నువ్వు చేసింది మోసం అన్నాడు. ఒప్పుకున్నాను. నన్ను తీసేయండి సార్, కానీ 417 ఒక్కటి రెండో లేయర్‌లో చూడండి, అక్కడ ఇళ్లున్నాయండి అన్నాను. మావాళ్లు తప్పులు పంపారని మేమే చెప్పుకుని కాంట్రాక్టు పోగొట్టుకోవాలా అన్నాడు. మరి 418-బి సార్ అన్నాను. వేల ఫొటోల్లో ఒకటి, అదీ ఉండనీ అన్నాడు.

లేచేటప్పుడు శ్రీదివ్య, అందులో మీ ఇల్లు ఎక్కడ అని మెల్లిగా అడిగింది. చూపించలేదు. చూసే హక్కు ఆవిడకి లేదు. ఆ పూట నాకూ లేదనిపించింది.

ఐడీ కార్డు ఇచ్చేశాను. ఇమ్మానియేలు నా టిఫిన్ బాక్స్ కడిగి తెచ్చిచ్చాడు.

సెప్టెంబరు 14, పిడుగురాళ్ల

417 ఏమైందని నాన్న అడిగాడు. మంచుగానే ఉంచేశారని చెప్పాను. అయితే అక్కడ మనుషులున్నట్టు ఇంకెవరికీ తెలియదన్నమాట, పాపం అన్నాడు. దగ్గు వచ్చి ఆగాడు.

మా వీధిని నేనేం చేశానో చెప్పలేదు.