క్యూబా ఆకు, మస్తాను చేయి

మంగళవారం, అద్దంకి

ఓడల్లో పనిచేసే బావమరిది గుప్పెడు క్యూబా పొగాకు తెచ్చాడు. చుట్టలకు ఆకు కలపడంలో ఈ చుట్టుపక్కల పేరున్నది నాకూ, మస్తానుకూ మాత్రమే. నేను ఘాటు చూసి కలుపుతాను, వాడు వాసన చూసి. ఇంత మెత్తటి ఆకు నా చేతిలో పాడైపోతుందని ముట్టుకోగానే తెలిసింది. కానీ మొన్నటి జ్వరం తర్వాత మస్తానుకు వాసనలు తెలియడం లేదు. పని మానేశాడు. అయినా మధ్యాహ్నం వాడింటికే తీసుకెళ్ళాను.

"ఎగతాళి చేయడానికొచ్చావా ఏందిరా?" అన్నాడు.

"కాదురా. ఈ ఆకు నీకే లొంగుద్ది."

చాలాసేపు ఆకుని వేళ్ళతో తడిమాడు. లోపల మన ఆకు కొంచెం పెట్టి చుట్టాడు. వెలిగించి నాకిచ్చి, నా మొహమే చూస్తూ కూర్చున్నాడు.

"ఎట్టా ఉంది? ఉన్నదున్నట్టు చెప్పు."

ముందు తీపి, తర్వాత వేయించిన వేరుశనక్కాయల వాసన, చివర్లో గొంతులో మంట అని చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"మంట మన ఆకుది. తగ్గిద్దాం," అన్నాడు.

వాసనలు మళ్ళీ ఎప్పటికీ తెలియకపోతే వాడేమైపోతాడోనని భయంగానే ఉంది. అయితే వాడు ఆ మాటే ఎత్తలేదు. రేపు పొద్దున్నే, కాఫీ కూడా తాగకుండా రమ్మన్నాడు.