రెండుముప్పావు అంగుళాలు

జూన్ 8, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి మా అమ్మాయి తబిత పంపిన పార్సెల్ గుమ్మంలో ఉంది. వాళ్ళ నాన్నకి రైలు బొమ్మ. పట్టాలు, ఇంజను, రెండు పెట్టెలు. ఆయన రైల్వేలో లైను వెంట నడిచి పట్టాల మేకులు చూసుకునే కీమ్యాన్‌గా చేసి రిటైరయి పదేళ్ళు దాటింది. ఆ రోజు నుంచీ ఒకటే పాట, తెల్లదొరల నాటి రైలూ, మా కొవ్వూరు గోదారి వంతెనా బొమ్మలుగా కట్టి నడపాలని. పిల్ల సరదాపడి పంపింది. ఈయన ఇంజను వైపే చూడలేదు. పట్టాల మధ్య స్కేలు పెట్టి, ఇది మన గేజీ కాదే, ఈ సైజుకి మూడు మిల్లీమీటర్లు తక్కువ అన్నారు. బొమ్మకి కూడానా అండీ అన్నాను. బొమ్మయితే మటుకు, మన పట్టాల మధ్య ఎడం ఐదున్నర అడుగులు, ఇది పై దేశాలది అన్నారు. డబ్బాలో పెట్టేశారు. పిల్లకి ఏం చెప్పాలో అని నాకు దడ.

జూన్ 11

ఈయన్ని కంటి డాక్టరుకి చూపించాం. గ్లకోమా. ఎడమది పోయిన సంగతి ముందే తెలుసు. ఈయన్ని చుక్కల మందుకని బయటికి పంపి, ఆసుపత్రికని ఊరి నుంచి వచ్చిన తబితనీ నన్నూ కూర్చోబెట్టి చెప్పారు. కుడిదీ ఆగదట. నాలుగు నెలలో, ఆరో. పోయిన చూపు తిరిగి రాదట. బయటికొస్తే ఆయన బెంచీ మీద కూర్చుని మందు సీసా కంటికి ఆనించుకుని చదువుతున్నారు. ఏమన్నారే అన్నారు. బాగానే ఉందన్నారండి అన్నాను. తబిత నా చెయ్యి నొక్కింది.

జూన్ 12

నిద్ర లేదు.

జూన్ 17

ఏ సైజులో కట్టాలా అని పొద్దస్తమానం లెక్కలు. చిన్నది కడితే కనపడదు. పెద్దది కడితే ఇంట్లో పట్టదు. వంతెన మైలున్నర పైచిలుకు. తబిత పంపిన బొమ్మ సైజులో కట్టినా నూరడుగులు దాటుతుందట. మా హాలు పద్నాలుగు. పక్కింటి జగన్నాథరావు గారు కిటికీలోంచి, ఏంటండి కీమ్యాన్ గారూ, లైను మా ఇంట్లోంచి కూడా ఏస్తారా, మాకు టిక్కెట్టు ఉంటదా అని వేళాకోళం. మీ గోడకి కన్నం పెట్టినా చాలదండి అన్నారు ఈయన, నవ్వకుండా. నిజంగానే పెడతారేమోనని నాకు భయం వేసింది.

జూన్ 20

అన్నం ముందు కూర్చుని గోడ చూస్తున్నారు. ఏదో ఒకటి మాట్లాడితే రెండు ముద్దలు తింటారని మా మామ్మ చెప్పిన సంగతి ఎత్తాను. వాళ్ళమ్మ కాలంలో రైలు కొవ్వూరు గట్టు దాకా వచ్చి ఆగిపోయేదట. దిగి, మూటలు నెత్తిన పెట్టుకుని, పడవ మీద గోదారి దాటి, రాజమండ్రిలో మళ్ళీ ఇంకో రైలు ఎక్కేవారట.

ఆయన చేతిలో ముద్ద అక్కడే ఆగింది. అయితే వంతెన అక్కర్లేదే పాపాయమ్మా అన్నారు. పద్దెనిమిది వందల తొంభై ఐదు అనుకుందాం, వంతెన ఇంకా పుట్టలేదు. ఒక గట్టు, ఒక లైను, గట్టున ఆగిన బండి. అడుగుకి అర అంగుళం చొప్పున కట్టొచ్చు అన్నారు. పెరుగన్నం అడిగి మరీ తిన్నారు.

అంత పెద్ద సైజు ఎందుకో నాకు అర్థమైంది. కంచం కడుగుతుంటే ఏడుపొచ్చింది.

జూలై 2

పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లకి చర్చిలో విరిగిన పాత బల్ల తెచ్చుకున్నారు. మంచి టేకు. దేవుడి బల్ల కొయ్యొచ్చా, ఏమవుతుందో అని పాస్టరు గారి దగ్గరికి పరిగెత్తాను. పర్లేదమ్మా, చెదలు తినేదానికన్నా నయం అన్నారు. పట్టాలకి సన్నటి ఇత్తడి బద్దలు. ఒక ఇత్తడి ముక్క అరగదీసి గేజీ చూసే కొలత చేశారు. ఐదున్నర అడుగులకి లెక్కన సరిగ్గా రెండుముప్పావు అంగుళాలు. రెండు పట్టాల మధ్యా బిగువుగా కూర్చోవాలి. ఆడితే ఎక్కువ, దూరకపోతే తక్కువ. పెట్టి చూసి చెప్పే పని నాది. నాకేం తెలుసండీ, ఐదో క్లాసు చదువు అన్నాను. దీనికి చదువు అక్కర్లేదే, నిజం చెప్తే చాలు అన్నారు.

ఆగస్టు 9

బొటనవేలి మీద సుత్తి పడింది. రెండోసారి. మూడడుగుల లైను వెయ్యడానికి రెండు రోజులు పట్టింది. ముక్క పెట్టాను. ఒకచోట వదులుగా ఆడింది. ఆయన గోరు నల్లగా కమిలిపోయి ఉంది. సరిపోయిందండి అన్నాను.

అదే రోజు, సాయంత్రం

వేలితో తడుముకుంటూ వచ్చి సరిగ్గా అక్కడే ఆగారు. కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. ముప్పయ్యేళ్ళు పట్టా వెంబడి నడిచానే, దీని మీద జనం వెళ్తారు అన్నారు. ఎవరెళ్తారండీ, బొమ్మే కదా అన్నాను. డాక్టరు మాట కూడా ఇలాగే చెప్పావా అన్నారు.



మేకులన్నీ పీకారు. ఒక్కొక్కటీ నా అరచేతిలో పెట్టారు.

ఆగస్టు 10, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు.

ఆగస్టు 24

తబిత ఫోను. కంటి సంగతి నాన్నకి తెలిసిపోయిందన్నాను. ఎందుకు చెప్పావమ్మా అని కోప్పడింది. నేనెక్కడ చెప్పానే, ఆ ఇత్తడి ముక్క పట్టించేసింది అన్నాను. ఈయన ఫోను లాక్కుని, ఏమ్మా, మన గేజీకి సరిపడా ఇంజను దొరుకుద్దా అని అడిగారు. అంత పెద్దది ఎక్కడా లేదు నాన్నగారూ అందట. సరే, బండి ఇంకా రాలేదనుకుందాం అన్నారు. చుక్కల మందు వెయ్యబోతే ఇంకెందుకే అన్నారు. వేశాను. రోజూ వేస్తున్నాను.

సెప్టెంబరు 18

మధ్యాహ్నం పనిలో కూర్చున్నారు. నేను చేపలు కడుగుతూ పొద్దుపోయిన సంగతి మర్చిపోయాను. హాల్లోకి వస్తే చీకటి. సుత్తి చప్పుడు వస్తూనే ఉంది.

గేజీ చూడవే అన్నారు.

స్విచ్చి వేస్తే టక్కుమంటుంది, చీకటి పడిందని ఆయనకి తెలిసిపోతుంది. వెయ్యలేదు. తడుముకుని ముక్క పెట్టాను. బిగువుగా కూర్చుంది. సరిపోయిందండి అన్నాను.

ఆయన వేలు పెట్టి చూసుకోలేదు. ఇంకో మేకు ఇయ్యి అని చెయ్యి చాపారు, నేను లేని వైపుకి.