నీళ్ల కమిటీలో నేను

మంగళవారం, రాత్రి

ఇన్నాళ్లూ మా మున్సిపాలిటీలో అన్నీ చైర్మన్ ఒక్కరే నిర్ణయించేవారు. మేం కౌన్సిలర్లం తలూపి, చాయ్ తాగి వచ్చేవాళ్లం. ఇప్పుడు నిర్ణయాలన్నీ కమిటీలవే. నీళ్ల కమిటీలో నేనున్నాను! ఇవాళ మొదటి సమావేశం. తెల్లవారుజామున మొదటి షిఫ్టు కార్మికులు డ్యూటీకి వెళ్లకముందే నల్లా నీళ్లు వదలాలని అడిగాను. అందరూ చేతులెత్తారు. రేపటి నుంచే!

ఇంటికొస్తూనే పక్కింటి మల్లమ్మవ్వకు చెప్పాను.

"ఇన్ని దినాలు నీళ్లు రాకుంటే చైర్మన్‌ను తిట్టినం. ఇగ నిన్నే తిట్టాల్నా బిడ్డా?" అంటూ పడీపడీ నవ్వింది.

"తిట్టు అవ్వా, నన్నే తిట్టు!" అన్నాను గొప్పగా.

తీరా రేపు వాల్వు తిప్పే యాదగిరన్న లేవకపోతే? నేనే వెళ్లి లేపుదామని అలారం పెట్టాను. అసలు నిద్రపడితే కదా!